అద్దె ఒకేసారి 14 శాతం పెంచారు. వాషింగ్టన్ రాష్ట్రం కొత్త చట్టం మాకు వర్తిస్తుందా?

ప్రశ్న: కర్క్‌లాండ్ నుంచి

నమస్కారం అండీ. సియాటిల్ దగ్గర కర్క్‌లాండ్‌లో రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. అద్దె 2,450 డాలర్లు. లీజు మే 31తో అయిపోతుంది. మార్చి 28న తలుపుకి కాగితం అంటించి వెళ్లారు. జూన్ 1 నుంచి 2,795 కట్టాలట. అంటే 345 డాలర్లు ఎక్కువ, 14 శాతం పైనే. పోయినేడాది కొత్త చట్టం వచ్చిందని, 10 శాతం దాటి పెంచకూడదని విన్నాం. లీజింగ్ ఆఫీసులో అడిగితే, మా బిల్డింగ్‌కి అది వర్తించదన్నారు. శుక్రవారంలోగా సంతకం పెట్టకపోతే నెలవారీ రేటుకి మారుస్తామని, అది ఇంకా ఎక్కువని కూడా చెప్పారు.

మేం హెచ్1బీ మీద ఉన్నాం. మావారి ప్రాజెక్టు కూడా ఈమధ్య అటూఇటూగా ఉంది. వీళ్లతో గొడవ పెట్టుకుంటే ఏమవుతుందో అని టెన్షన్. పాప స్కూలు పక్కనే, ఇల్లు మారే ఉద్దేశం లేదు. హైదరాబాద్‌లో అయితే ఓనర్ గారితో కూర్చుని మాట్లాడి ఎంతో కొంత తగ్గించుకునేవాళ్లం. ఇక్కడ ఎవరిని పట్టుకోవాలో తెలియడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: రెంటన్ నుంచి

ముందు ఒక మాట. శుక్రవారం అని కంగారుపడి సంతకం పెట్టకండి. పెట్టాక మేం ఎవరం ఏం చెప్పినా ఉపయోగం తక్కువ.

మీరు విన్నది హౌస్ బిల్లు 1217 గురించి. 2025 మే 7న గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ సంతకం చేశారు, ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చింది. ధరల పెరుగుదల సూచీకి 7 శాతం కలిపితే ఎంత వస్తుందో అంత, లేదా 10 శాతం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే 12 నెలల కాలానికి గరిష్ఠ పెంపు. ఆ లెక్కని రాష్ట్ర కామర్స్ శాఖ ఏటా ప్రకటిస్తుంది. 2026కి అది 9.683 శాతం. మీ 2,450 మీద 237 డాలర్లు అవుతుంది. అంటే చట్టం మీ ఇంటికి వర్తిస్తే 2,687 దాటకూడదు. ఇంట్లో చేరిన మొదటి 12 నెలల్లో అసలు పెంచకూడదు.

అయితే మినహాయింపులు ఉన్నాయి. మనవాళ్లకి ఎక్కువగా తగిలేది కొత్త బిల్డింగ్‌ల మినహాయింపు. మొదటి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో జనం ఉండొచ్చని ఇచ్చే అనుమతి) వచ్చిన తేదీ నుంచి, పెంపు నోటీసు ఇచ్చిన తేదీ నాటికి 12 ఏళ్లు దాటకపోతే ఆ ఇంటికి పరిమితి లేదు. రెడ్‌మండ్ డౌన్‌టౌన్‌లో రైలు స్టేషన్ చుట్టూ లేచినవి చాలావరకు ఇలాంటివే. ఆఫీసు దగ్గర, కొత్త ఇల్లు, జిమ్ ఉంది అని మనం చేరేవి సరిగ్గా ఈ ఇళ్లే. నాకు బాధ కలిగించేది ఇదే. చట్టం వచ్చిందన్న మాట అందరికీ చేరింది, ఈ మినహాయింపు మాత్రం నోటీసు తలుపు మీదికి వచ్చాకే తెలుస్తోంది.

ఆ కాగితం ఒక పేజీయేనా? అద్దె పెంపు నోటీసుకి చట్టంలోనే ఒక ఫారం ఇచ్చారు. పరిమితి లోపే పెంచుతున్నామనో, ఫలానా కారణంతో మాకు మినహాయింపు ఉందనో అందులో టిక్ పెట్టాలి. మినహాయింపు అంటే ఆధారం కూడా రాయాలి. కవర్ మళ్లీ చూడండి.

ప్రశ్న అడిగినవారు

మీరన్నాక చూశాను, వెనకాల రెండో పేజీ ఉంది. మొదటి పేజీలో "మీ బడ్జెట్‌కి తగ్గ ప్లాన్ ఎంచుకోండి" అని రంగుల్లో మూడు లీజు ఆఫర్లు ఉన్నాయి. రెండో పేజీలో చిన్న అక్షరాలు, గళ్లు. 12 ఏళ్లు కాలేదన్న గడిలో టిక్ ఉంది. దాని కింద గీత మీద 2014 అని మాత్రమే రాశారు. నెల లేదు, తేదీ లేదు.

జవాబు: కర్క్‌లాండ్ నుంచి, ఇంకొకరు

అక్కా, మీరు కర్క్‌లాండ్ సిటీ హద్దులో ఉంటే ఇంకో సంగతి ఉంది, అది చాలా పెద్దది. రాష్ట్ర చట్టం ప్రకారం అద్దె పెంచడానికి 90 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. కర్క్‌లాండ్ సిటీ కౌన్సిల్ 2022లోనే ఇంతకంటే గట్టి నియమం పెట్టుకుంది. 3 శాతం దాటి పెంచితే 120 రోజులు, 10 శాతం దాటితే 180 రోజులు. రెడ్‌మండ్‌లో కూడా ఇలాగే ఉంది. సిటీ నియమానికి బిల్డింగ్ వయసుతో పని లేదు.

మార్చి 28 నుంచి 180 రోజులంటే సెప్టెంబర్ 24. కాబట్టి జూన్, జులై, ఆగస్టు, సెప్టెంబర్ నాలుగు నెలలూ మీరు పాత అద్దే కట్టొచ్చు. నెలకి 345 చొప్పున 1,380 డాలర్లు మిగులుతుంది. మే 31 దాటాక నెలవారీకి మారినా ఇంతే, ఎందుకంటే నెలవారీ రేటు పేరుతో ఎక్కువ అడగడం కూడా అద్దె పెంచడమే.

చదువుతున్న మిగతావాళ్లకి: అడ్రస్‌లో ఉన్న ఊరి పేరు చూసి నమ్మకండి. రెడ్‌మండ్ రిడ్జ్‌లో ఉన్నవాళ్లకి ఉత్తరాలు రెడ్‌మండ్ అనే వస్తాయి, కాని అది సిటీలో లేదు, కింగ్ కౌంటీ కిందికి వస్తుంది. కౌంటీ నియమాలు వేరే చూసుకోవాలి. బాథెల్ అయితే సగం స్నోహోమిష్ కౌంటీలో ఉంది.

జవాబు: రెంటన్ నుంచి

తమ్ముడు చెప్పింది వంద శాతం కరెక్ట్, సిటీ నియమం నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ 2014 లో నెల ఏదో పట్టుకోవాలి. కింగ్ కౌంటీ అసెసర్ (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో అడ్రస్ కొడితే కట్టిన సంవత్సరం వస్తుంది, అది ఒక అంచనాకి పనికొస్తుంది, అంతే. చట్టానికి కావలసింది సర్టిఫికెట్ తేదీ. దాన్ని సిటీ పర్మిట్ రికార్డుల్లో వెతకాలి. కర్క్‌లాండ్ పర్మిట్లు మైబిల్డింగ్‌పర్మిట్ సైట్‌లో ఉంటాయి. పాతవి దొరక్కపోతే పబ్లిక్ రికార్డుల కింద సిటీకి ఒక అభ్యర్థన పెట్టండి. ఒకే ప్రాంగణంలో చాలా బిల్డింగ్‌లు ఉంటే మీ బిల్డింగ్ అక్షరం పెట్టి అడగండి.

ప్రశ్న: సమామిష్ నుంచి, ఒక ఓనర్

నేను రెండోవైపు మనిషిని, ఏమీ అనుకోకండి. మా పాత టౌన్‌హోమ్‌ని ఒక కుటుంబానికి అద్దెకిచ్చాం. కరోనా రోజుల నుంచి మొహమాటంతో పెంచలేదు. ఇన్సూరెన్సు, హెచ్ఓఏ (ఇళ్ల ఓనర్ల సంఘం) ఫీజు రెండూ పెరిగిపోయాయి. కంపెనీలకి పెట్టిన చట్టం ఒక్క ఇల్లున్న మాలాంటివాళ్లకి కూడానా? ఇన్నాళ్లూ పెంచని శాతాలన్నీ కలిపి ఇప్పుడు పెంచుకోవచ్చా?

జవాబు: బెల్‌వ్యూ నుంచి

మీకూ వర్తిస్తుంది సార్. సెనేట్‌లో ఒక దశలో, కంపెనీల చేతిలో లేని సొంత ఇళ్లని తప్పిస్తూ సవరణ పెట్టారు. పరిమితిని కూడా సూచీకి 10 శాతం కలిపి వచ్చేంతగా పెంచారు. తర్వాత రెండు సభలవాళ్లూ కూర్చుని ఆ రెండూ తీసేసి మళ్లీ 7కి తెచ్చారు. సభ ముగిసే రోజు, 2025 ఏప్రిల్ 27న, ఆఖరి ఓటు పడింది. ఓనర్ కూడా అక్కడే ఉండే రెండు, మూడు, నాలుగు పోర్షన్ల ఇళ్లకి మినహాయింపు ఉంది కాని మీ టౌన్‌హోమ్ అందులోకి రాదు. కట్టి 12 ఏళ్లు కాకపోతే మాత్రం వేరే సంగతి.

పెంచని శాతాలు పోగేసుకునే వీలు ఈ చట్టంలో లేదు. మొహమాటపడినవాళ్లకి ఇది నష్టమే, ఒప్పుకుంటాను. ఏటా కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడమే ఇకమీదట దారి. ఆ కుటుంబం ఖాళీ చేస్తే కొత్తవాళ్లకి ఎంతకైనా ఇచ్చుకోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పరిమితి దాటితే రాష్ట్ర అటార్నీ జనరల్ (ప్రభుత్వ ముఖ్య న్యాయాధికారి) ఒక్కో ఉల్లంఘనకి 7,500 డాలర్ల దాకా జరిమానా కోరవచ్చు. అద్దెదారు ఎక్కువ కట్టిన డబ్బు తిరిగి అడగవచ్చు. పెంచే ముందు ఫారం, రోజుల లెక్క సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

తేదీ దొరికింది! మాది డి బిల్డింగ్, సర్టిఫికెట్ 2014 అక్టోబర్‌లో ఇచ్చారు. క్లబ్‌హౌస్ వైపున్న ఎ, బి బిల్డింగ్‌లకి 2013 జూన్‌లోనే వచ్చింది. అంటే మాకు ఇంకా 12 ఏళ్లు కాలేదు, ఆఫీసువాళ్లు చెప్పింది నిజమేనా?

జవాబు: రెంటన్ నుంచి

మీ బిల్డింగ్ వరకు నిజమే. మార్చి 28 నాటికి పదకొండున్నర ఏళ్లు. 14 శాతం పెంచే హక్కు వాళ్లకి ఉంది, కాని జూన్ నుంచి లేదు. అయితే ఇందులో మీకు కలిసొచ్చేవి రెండున్నాయి.

ఒకటి, ఈ అక్టోబర్ దాటితే మీ బిల్డింగ్‌కి 12 ఏళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఇచ్చే ఏ నోటీసుకైనా పరిమితి వర్తిస్తుంది. వచ్చే ఏడాది ఇలా 14 శాతం అనలేరు. రెండు, ఈ నోటీసుతో వాళ్లు అక్టోబర్ 1 దాకా ఆగాలి. 10 శాతం లోపు కొత్త నోటీసు ఇస్తే 120 రోజులు చాలు కాబట్టి వాళ్లకీ కొంచెం ముందే డబ్బు వస్తుంది. మీరు బేరం ఆడాల్సింది ఇక్కడే. ఈమెయిల్‌లో వాదన వద్దు, కోపం అసలే వద్దు. నోటీసు అందిన తేదీ, పెంపు శాతం, కర్క్‌లాండ్ సిటీ నియమం ప్రకారం 180 రోజులు కావాలన్న సంగతి, అప్పటిదాకా 2,450 కడతామన్న మాట రాయండి. ఆ కిందే "ఫలానా అద్దెకి 12 నెలల లీజు ఇస్తే ఇప్పుడే సంతకం పెడతాం" అని మీ అంకె వేయండి. ఆఫీసులో నోటితో మాట్లాడింది ఏదైనా ఆ సాయంత్రమే మెయిల్‌లో పెట్టండి.

వీసా గురించి భయపడకండి. అద్దె గురించి ఉత్తరం రాయడానికీ మీ హెచ్1బీకీ సంబంధం లేదు. హక్కు అడిగినందుకో, అధికారులకి ఫిర్యాదు చేసినందుకో కక్ష సాధించడం ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం. 90 రోజుల్లోగా ఓనర్ అలాంటి చర్య తీసుకుంటే, కాదని రుజువయ్యే దాకా కోర్టు దాన్ని కక్షగానే భావిస్తుంది. కారణం లేకుండా ఖాళీ చేయించడం మీద 2021 నుంచే ఆంక్షలున్నాయి. అద్దె మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. గొడవలో ఉన్నప్పుడు ఆలస్యం చేస్తే, 14 రోజుల్లో కట్టండి లేదా ఖాళీ చేయండి అన్న నోటీసు చేతిలో పెడతారు, అప్పుడు మన వాదన ఎంత బలంగా ఉన్నా చిక్కే.

ఎ, బి బిల్డింగ్‌లలో తెలిసినవాళ్లుంటే ఈరోజే చెప్పండి. వాళ్లకి కూడా 14 శాతం అంటే అది చెల్లదు. అటార్నీ జనరల్ సైట్‌లో ఈ చట్టం కిందే ఫిర్యాదు ఫారం ఉంది.

జవాబు: ఫ్రీమాంట్ నుంచి

కాలిఫోర్నియాలో ఇలాంటి చట్టం 2020 జనవరి నుంచి ఉంది. సూచీకి 5 శాతం కలపాలి, 10 దాటకూడదు. ఇక్కడ కొత్త బిల్డింగ్ అంటే 15 ఏళ్లు. ఒరెగాన్ ఇంకా ముందు, 2019లోనే తెచ్చింది. ఈ రెండు రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు వాషింగ్టన్ అంకెలు పట్టుకుని ఆఫీసుకి వెళ్లకండి.

జవాబు: బెల్‌వ్యూ నుంచి

ఇది చదువుతున్న అందరికీ ఒక విన్నపం. ఈ 12 ఏళ్ల గీత ఆకాశం నుంచి ఊడిపడలేదు. పరిమితి పెడితే కొత్త ఇళ్లు కట్టడం ఆగిపోతుందని బిల్డర్లు గట్టిగా వాదించారు. ఆ వాదనలో పస ఉంది, ఇళ్లు కట్టకపోతే అద్దెలు ఎలా దిగుతాయి? అందుకే కొత్త బిల్డింగ్‌లని వదిలేశారు. కాని 12 కావాలా, 8 చాలా అన్నది సభ్యులు తేల్చే విషయం, వాళ్లు ఎవరి మాట వింటే దాన్ని బట్టి తేలుస్తారు. ఇలాంటి బిల్లే 2024లో హౌస్ దాటి సెనేట్‌లో ఆగిపోయింది. 2025లో ఆగలేదు.

ఓటు లేదు కాబట్టి మనకెందుకు అనుకోకండి. రాష్ట్ర రాజధాని ఒలింపియాలో శాసనసభ కమిటీ ముందు మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. హియరింగ్ మొదలవడానికి గంట ముందు దాకా శాసనసభ సైట్‌లో అనుకూలమో వ్యతిరేకమో నమోదు చేయొచ్చు. జూమ్‌లో మాట్లాడొచ్చు. రాసి పంపడానికి మొదలైన తర్వాత 24 గంటలు టైమ్ ఇస్తారు. బిల్డింగ్ వయసు, నోటీసు తేదీ, పెంపు శాతం రాసిన నాలుగు వాక్యాలు చాలు. ఓనర్లు, వాళ్ల సంఘాలు ప్రతి హియరింగ్‌కీ వస్తారు. మనం కూడా రావాలి, నాకు చాలా గట్టిగా అనిపిస్తుంది ఇది.

ప్రశ్న అడిగినవారు

మెయిల్ పెట్టాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మేనేజర్ స్వయంగా ఫోన్ చేసి సెప్టెంబర్ దాకా పాత అద్దే అన్నారు, మీరు చెప్పినట్టే దాన్ని మెయిల్‌లో రాయించుకున్నాను. 12 నెలల లీజు అంకె ఇంకా తేలలేదు. నేను 2,620 అన్నాను, పైవాళ్లని అడిగి చెప్తామన్నారు. ఇంకో సందేహం: ఎ బిల్డింగ్‌లో ఒకటి ఖాళీ అవుతోంది. అక్కడ పరిమితి ఉంది కదా, మారిపోతే మంచిదా?

జవాబు: రెంటన్ నుంచి

అది కొత్త అద్దె ఒప్పందం అవుతుంది, కాబట్టి మొదటి అద్దె వాళ్లిష్టం. పరిమితి ఆ తర్వాతి పెంపులకే. డిలో అయినా అక్టోబర్ తర్వాత అదే పరిమితి వస్తుంది కాబట్టి కేవలం చట్టం కోసం మారనక్కర్లేదు. రేటు నిజంగా తక్కువైతేనే ఆలోచించండి.

మారితే మాత్రం ఇప్పటి డిపాజిట్‌ని అక్కడికి బదిలీ చేస్తామన్న మాట నోటితో వినొద్దు. ఖాళీ చేశాక 30 రోజుల్లోగా డిపాజిట్ గాని, కోతలకి రాతపూర్వక లెక్క గాని ఇవ్వాలి. చేరినప్పుడు గోడలు, కార్పెట్, స్టవ్ ఎలా ఉన్నాయో రాసి ఇద్దరూ సంతకం పెట్టిన చెక్‌లిస్టు ఉంటుంది, అది లేకుండా డిపాజిట్ తీసుకోకూడదు. మీ దగ్గర ఆ కాపీ ఉందో లేదో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. 2,620 సంగతి తేలగానే ఇక్కడ రాయండి, మీ తర్వాత అడిగేవాళ్లకి అది పనికొస్తుంది.