తక్కువ ఫీజుకి కేసులు చూసే ట్రస్టుకి పెద్దగా వకీలే ఉండాలా?

గోదారిగట్టు:
మా జిల్లా కేంద్రంలో పేదవాళ్లకి, దిగువ మధ్యతరగతికి తక్కువ ఖర్చుతో కోర్టు పని చేసిపెట్టే చిన్న ట్రస్టు ఉంది. పేరు రాయను. మెయింటెనెన్స్ (భరణం), గృహహింస, పొలం తగాదాలు, జీతం ఎగ్గొట్టిన యజమానులు, ఎక్కువగా ఇవే కేసులు. దాన్ని పెట్టిన సీనియర్ అడ్వకేట్ గారు వయసు మీదపడి మేనేజింగ్ ట్రస్టీగా తప్పుకుంటానన్నారు. ఆ కుర్చీకి రెండు పేర్లు వచ్చాయి. ఒకరు ఆయన దగ్గర జూనియర్‌గా చేసి ఇప్పుడు సొంత ప్రాక్టీసు నడుపుతున్న వకీలు. రెండో ఆవిడ ఏళ్ల తరబడి ఆఫీసు నడుపుతున్న మేడమ్. చదివింది బీకామ్. ఒకప్పుడు తన కేసు పట్టుకుని ఆ ట్రస్టు మెట్లెక్కినావిడే.

నేను ట్రస్టీల్లో ఒకణ్ణి. నా ఓటు మేడమ్‌కే వేద్దామనుకుంటున్నాను. బార్‌లో తెలిసినవాళ్లు మాత్రం నవ్వుతున్నారు, "ఆసుపత్రికి కాంపౌండర్ని సూపరింటెండెంట్ చేస్తారా" అని. మీరేమంటారు?

పాత ప్లీడరు:
నేను నవ్వను గానీ ఒప్పుకోను. కారణం చెప్తాను, వినండి.

మొదటిది ఫీజు. వకీలు కాని వ్యక్తితో అడ్వకేట్ తన ఫీజు పంచుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. మీ ట్రస్టు క్లయింటు దగ్గర రెండు వేలు తీసుకుని, అందులోంచి వకీలుకి వెయ్యి ఇస్తే రేపు ఎవరో ఒకరు ఫిర్యాదు రాస్తారు. పైన కూర్చున్నది వకీలు కాదంటే ఆ ఫిర్యాదుకి బలం ఇంకా ఎక్కువ.

రెండోది అసలు ప్రమాదం. క్లయింటు తన అడ్వకేట్‌కి చెప్పిన మాట బయటపెట్టమని కోర్టు కూడా బలవంతపెట్టడానికి వీల్లేదు. పాత సాక్ష్యాధార చట్టంలో 126, 127 సెక్షన్లు, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 132. ఆ రక్షణ అడ్వకేట్‌కి, ఆయన గుమాస్తాకి, ఆయన ఉద్యోగులకి, మాట తర్జుమా చేసినవాళ్లకి వర్తిస్తుంది. ట్రస్టు మేనేజర్‌కి వర్తిస్తుందని ఎక్కడుంది? అమ్మాయి వచ్చి మేడమ్ ముందు ఏడ్చి చెప్పిన సంగతి మీద మేడమ్‌కి సాక్షి సమన్లు వస్తే ఏం చేస్తారు?

సందేహాల పుట్ట:
మధ్యలో ఒక ప్రశ్న. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీల్ని ఇస్తుంది కదా? న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే చాలంటారు. మరి ఈ ట్రస్టు ఎందుకు?

మానేరు పిల్ల:
చట్టంలో ఉంది నిజమే. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయం అడగకుండా ఇవ్వాలి. నాకూ ఇచ్చారు. ప్యానెల్ వకీలు గారు మంచాయనే, కానీ ఆయనకి వచ్చే పారితోషికం తక్కువ, చేతిలో కేసులు ఎక్కువ. వాయిదా రోజు కోర్టు వరండాలో తప్ప ఆయన నాకు దొరకలేదు.

నా పని జరిగింది వేరే ఊళ్లో, ఇలాంటి చిన్న సంస్థలో. అక్కడ నాకు పని చేసిపెట్టిందీ వకీలు కాదు, ఆఫీసులో ఉండే అక్క. 2020లో సుప్రీంకోర్టు రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని చెప్పింది. ఆ ఫారం చూస్తే కళ్లు తిరుగుతాయి. "మీ ఆయన ఆదాయమెంత" అని వకీలు గారు అడిగితే "తెలియదు సార్" అన్నాను. ఆయన "తెలియదు" అని రాసేశారు. అదే ఫారం ముందేసుకుని అక్క అడిగింది: బండి ఎప్పుడు కొన్నాడు, కిస్తీ ఎంత కడతాడు, చిట్టీ ఎన్ని వేలది, ఎవరి దగ్గర, పండక్కి మీ అత్తకి ఏం పెట్టాడు, ఫోన్ రీచార్జి ఎవరు చేయిస్తారు. రెండు గంటలు కూర్చుంటే నెలకి ఆయన చేతిలోంచి ఎంత పోతుందో తేలింది. పోయేదే అంతుంటే వచ్చేది ఇంకెంత? నా కేసంతా ఆ కాగితం మీదే నిలబడింది.

అట్లాంటి మనిషి తీసుకోవాల్సిన కేసు, తీసుకోకూడని కేసు కనిపెట్టలేదా?

పాత ప్లీడరు:
అమ్మా, ఆ అక్క పని గొప్పది, కాదనను. ఆ కాగితాన్ని కోర్టులో నిలబెట్టింది ఎవరు మరి? ముంబయిలో ఆడవాళ్ల కేసులు చూసే మజ్లిస్ సంస్థ పెట్టినవాళ్లలో ఒకరైన ఫ్లేవియా ఆగ్నెస్ గారు ఇంట్లో హింస పడి బయటికి వచ్చినావిడే. ఆవిడ లా చదివి వకీలయ్యారు. మీ మేడమ్‌కి డిగ్రీ ఉంది కదా, లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయమనండి. అప్పుడు నేనే వచ్చి దండ వేస్తాను.

హనుమకొండ మాస్టారు:
బాలగోపాల్ గారి సంగతి మర్చిపోయారా ప్లీడరు గారూ? కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మనిషి. పౌరహక్కుల సంఘానికి ఏళ్ల పాటు ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. నల్లకోటు వేసుకుని హైకోర్టులో నిలబడ్డది ఆ తర్వాత. లా పట్టా రాకముందు ఆయన నాయకత్వానికి ఏం తక్కువైంది?

పాత ప్లీడరు:
పోలిక కుదరదు మాస్టారూ. పౌరహక్కుల సంఘం నిజనిర్ధారణ చేసి నివేదిక రాస్తుంది. క్లయింటు తరఫున వకాల్తా వేయదు. పైగా అప్పుడు సంఘానికి అధ్యక్షుడు ఎవరు? కన్నబిరాన్ గారు, వకీలు!

హనుమకొండ మాస్టారు:
మీరే ఒప్పుకున్నారు. వకీలు ఒకరు, వకీలు కానివారు ఒకరు, పక్కపక్కన పనిచేశారు.

డల్లాస్ బాబాయ్:
మా అమెరికా సంగతి చెప్తాను. ఇక్కడ లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ అని 1974 చట్టం కింద పెట్టారు. కేంద్రం డబ్బు దాని ద్వారా స్థానిక లీగల్ ఎయిడ్ సంస్థలకి వెళుతుంది. ఆ డబ్బు తీసుకునే సంస్థ బోర్డులో 60 శాతం వకీళ్లు ఉండాలి. అక్కడితో అయిపోలేదు, మూడోవంతు మంది ఆ సహాయానికి అర్హులైన పేదవాళ్లే ఉండాలి. మొహమాటానికి ఒకర్ని కూర్చోబెట్టి ఫొటో తీసుకుంటే కుదరదు. ఆ రెండో నిబంధన మన దగ్గర ఎందుకు లేదన్నది నా ప్రశ్న. మన దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి జిల్లా జడ్జి గారే చైర్మన్. పైనుంచి కింద దాకా నల్లకోటే.

కారంపొడి:
అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు, అసలు విషయం ఎవరూ అనట్లేదు. వకీలు అభ్యర్థికి సొంత ప్రాక్టీసు ఉందన్నారు. ట్రస్టుకి రోడ్డు పక్క ఎకరం పొలం తగాదా వచ్చిందనుకోండి. పార్టీకి డబ్బుంది, కానీ ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక ట్రస్టుకి వచ్చాడు. ఆ ఫైలు ట్రస్టు బీరువాలో ఉంటుందా, సాయంత్రానికి సారు గారి ఛాంబర్‌కి చేరుతుందా? నేను ఎవరినీ అనట్లేదు. కుర్చీ అలాంటిది అంటున్నాను.

నల్లకోటు 2019:
నేను ప్రాక్టీసులో ఉన్న జూనియర్ని. ప్లీడరు గారు చెప్పని నియమం ఒకటుంది. ప్రాక్టీసు చేస్తున్న అడ్వకేట్ ఎక్కడా నెల జీతం మీద పూర్తికాలం ఉద్యోగం చేయకూడదు, బార్ కౌన్సిల్ రూల్ 49. అంటే మీ వకీలు గారిని జీతమిచ్చి ఫుల్‌టైమ్ పెద్దగా పెట్టుకుంటే ఆయన ప్రాక్టీసు ఆపేయాలి, కోర్టులో నిలబడలేరు. జీతం లేకుండా పెట్టుకుంటారా, పగలంతా కోర్టులో ఉండి రాత్రి ఏడింటికి ట్రస్టుకి వస్తారు. క్లయింట్లు వచ్చేది పగలు. బస్సు దిగి, చంటిపిల్లని ఎత్తుకుని. కాబట్టి వకీలునే పెద్ద చేసినా రోజువారీ పని మేడమే చేస్తారు. ఇప్పుడు తేడా అల్లా సంతకం ఎవరిది అన్న దగ్గరే.

సాక్షి సమన్ల భయానికి మార్గం ఉంది. మేడమ్‌ని ట్రస్టు వకీలు దగ్గర కూడా ఉద్యోగిగా చూపించి, క్లయింటు ఇంటర్వ్యూ ఆయన ఫైలు కోసమే జరిగినట్టు రాసుకోవాలి. పూర్తి రక్షణ అని చెప్పను, వాదించడానికి పట్టు దొరుకుతుంది. ఫీజు క్లయింటే నేరుగా వకీలుకి కట్టి రసీదు తీసుకోవాలి. కోర్టు ఫీజు, దారి ఖర్చులు ట్రస్టు తన విరాళాల్లోంచి పెట్టుకోవాలి. అప్పుడు పంపకం అనే మాటే రాదు.

ఆడిటర్ మావయ్య:
డబ్బు సంగతి కూడా చూసుకోండి. ట్రస్టీకి జీతం ఇవ్వొచ్చని ట్రస్టు డీడ్‌లో రాసి ఉందా? ఉన్నా పనికి తగ్గట్టే ఉండాలి, లేకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపుకి ఎసరు. విదేశీ విరాళాలు తీసుకుంటే 2020 సవరణ తర్వాత పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 ఉండేది. ఇలాంటి సంస్థల్లో ఖర్చంతా మనుషుల జీతాలే కాబట్టి దెబ్బ నేరుగా తగులుతుంది. నా సలహా: మేడమ్‌ని ట్రస్టీ చేయకండి, డైరెక్టర్‌గా నియమించండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు పెట్టించండి.

మానేరు పిల్ల:
ఇంతమంది ఇన్ని చెప్తున్నారు. ఆ మేడమ్‌ని ఎవరైనా అడిగారా?

గోదారిగట్టు:
నిన్న అడిగాను. చేస్తానన్నారు, రెండు షరతుల మీద. ఇప్పుడు ఆవిడకి వస్తున్నది సీనియర్ గారి గుమాస్తాకి వచ్చేదానికన్నా తక్కువ. ముందు అది సరిచేసి, పీఎఫ్ కట్టి, బ్యాంకులో వేయాలన్నారు. రెండోది, ఏ కేసు తీసుకోవాలో ముగ్గురు కూర్చుని తేల్చాలి, ఆ ముగ్గురిలో ఒకరు వకీలు, ఒకరు పాత క్లయింటు. ట్రస్టు గుమ్మం తొక్కిన క్లయింటు కేసుని ఆ వకీలు తన సొంత ఆఫీసుకి తీసుకెళ్లకూడదని ముందే రాసివ్వాలట. కారంపొడి గారూ, మీ పోస్టు చూపించలేదు, ఆవిడే అన్నారు.

పాత ప్లీడరు:
మొదటి షరతుకి నాకు అభ్యంతరం లేదు, అది ఎప్పుడో చేయాల్సింది. రెండోది కాగితం మీద పెట్టడం కష్టం. క్లయింటు "నాకు ఆ వకీలే కావాలి" అని తనంతట తను వెళితే ఆపే హక్కు మీకు లేదు. ఎన్నాళ్లదాకా వర్తిస్తుందో, ఎలాంటి కేసులకో తేల్చి రాయాలి. మేడమ్ కుర్చీ మీద నా మాట మారలేదు. డ్రాఫ్ట్ మాత్రం పంపండి, చూసిపెడతాను. ఫీజు అడగన్లెండి.