వాషింగ్టన్ ఇంటి ఉత్తరాలు, వ్యవసాయం లెక్కలు ఎక్కడ చదవాలి?

పొలంగట్టు:
జార్జి వాషింగ్టన్ అనగానే అందరూ యుద్ధం, అధ్యక్ష పదవి గురించే చెప్తారు. నాకు కావాల్సింది వర్జీనియాలో, మౌంట్ వెర్నన్‌లో ఆయన చేసిన సేద్యం, ఇంటి సంగతులు. పొగాకు వేసి వేసి నేల సత్తువ పోయి, పైగా లండన్ వర్తకుల దగ్గర అప్పులు పెరిగి 1760ల్లో గోధుమకి మారాడని చదివాను. ఆ కాగితాలు ఉన్నాయా? భార్య మార్తాకి రాసిన ఉత్తరాలు ఎంత వెతికినా కనపడట్లేదు, ఎందుకని?

పాతకాగితం:
కనపడవండి, చాలావరకు ఆవిడే కాల్చేసింది. 1775 జూన్‌లో ఆయన రాసిన రెండు మాత్రం మనవరాలికి దక్కిన రాతబల్లలో దొరికాయి. 18వ తేదీది తప్పకుండా చదవండి. నన్ను సేనాధిపతిని చేశారు, తప్పించుకుందామని చూశాను కానీ కుదరలేదు, ఆకులు రాలే కాలానికల్లా వచ్చేస్తాను అంటాడు, వీలునామా కూడా రాయించి దాంతోపాటే పంపాడు, అంతా అయ్యాక కింద నీకు మంచి మస్లిన్ బట్ట కొన్నాను, నచ్చుతుందనుకుంటా అని ఒక ముక్క. యుద్ధం ముగించుకుని ఇంటికి చేరింది 1783 క్రిస్మస్ ముందు రోజు. నాకైతే ఆ మస్లిన్ దగ్గర గొంతు పట్టేసింది.

రాత్రిచదువరి:
మిగతా కాగితాలు తమ్ముడి కొడుకు బుష్‌రాడ్‌కి వెళ్లాయి. ఆయన దగ్గర తీసుకున్న జారెడ్ స్పార్క్స్ అనే సంపాదకుడు స్వదస్తూరీ అడిగిన వాళ్లకల్లా ముక్కలు కోసి పంచాడు, ప్రమాణ స్వీకార ప్రసంగం చిత్తుప్రతితో సహా! ఆ కోపం నాకింకా తగ్గలేదు. తర్వాత 1834లో, 1849లో ప్రభుత్వం కొనేసింది, ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు.

సేద్యం గురించే అయితే 1799 నాటి బానిసల జాబితాతో మొదలుపెట్టండి. మొత్తం 317 మంది, ఏ పొలంలో ఎవరు, ఏం పని, భార్య ఎక్కడ, భర్త ఎక్కడ అని వరసగా ఉంటుంది. చాలామంది ఆలుమగలు వేరువేరు పొలాల్లో ఉన్నారు. వీలునామాలో ఆయన తన వాళ్లకే విడుదల రాయగలిగాడు, మార్తా మొదటి భర్త ఆస్తికి చెందిన 153 మందిని విడిపించే హక్కు ఆయనకి లేదు. పిల్లలు తల్లి లెక్కలోకే వస్తారు కాబట్టి, తండ్రికి స్వేచ్ఛ వచ్చినా తల్లీబిడ్డలు బానిసలుగానే ఉండిపోయిన ఇళ్లున్నాయి. ఆ భార్య, భర్త గడి మీద వేలు పెట్టి, ఒక్కో పేరూ నెమ్మదిగా చదవండి.

పొలంగట్టు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. గోధుమ లెక్కలు తర్వాత చూస్తాను, ముందు ఆ జాబితా తెరుస్తున్నా.