‘ద్విభార్యత్వం’ సరైన మాటేనా?

డెస్కులో ఒక కోర్టు వార్త దిద్దుతూ ఆగిపోయాను. పదిన్నరకు పేజీ వెళ్లాలి. భర్త బతికి ఉండగా, విడాకులు తీసుకోకుండా ఇంకొకరిని పెళ్లాడిన మహిళపై కేసు. విలేకరి పంపిన శీర్షిక: ‘ద్విభార్యత్వం కేసులో మహిళ అరెస్టు’. ఆమెకు ఇద్దరు భార్యలా? ‘ద్విభర్తృత్వం’ అని రాస్తే పాఠకులు పత్రిక మడిచి పక్కన పెడతారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్‌కు ఆడా మగా తేడా లేదు. పెళ్లినాటికి ఇద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భార్య గానీ భర్త గానీ ఉండకూడదు. మన మాట మాత్రం మగవాడి దగ్గరే ఆగింది. మీరేం వాడుతున్నారు?

జవాబు:
‘ద్వివివాహం’ అనండి, గొడవ వదిలిపోతుంది. అన్నట్టు, సంస్కృత ‘సపత్ని’ మనకు ‘సవతి’ అయింది. దాని పుంలింగం ‘సపత్నుడు’ అంటే శత్రువు! ఒకే స్త్రీని కట్టుకున్న ఇద్దరు మగవాళ్ల వరసకు మనకు వాడుకలో మాటే లేదు.

జవాబు:
పెద్దలు మన్నించాలి, ‘ద్వివివాహం’ నాకు నచ్చలేదు. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్నామెకూ రెండు వివాహాలే కదా! అది మారుమనువు, నేరం కాదు. నేను న్యాయవాదిని. మా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ ఈ సమాసాలు వాడరు. ‘నేను ఉండగానే ఇంకో పెళ్లి చేసుకున్నాడమ్మా’ అంటారు. నేరంలో సగం ఆ ‘ఉండగానే’లో ఉంది.

రెండో సగం ‘చేసుకున్నాడు’లో ఉంది. ఆమధ్య ఒకావిడ ఫిర్యాదు రాయించుకుని తెచ్చింది: ‘రెండో ఆమెను తెచ్చుకున్నాడు’. ఆ ఒక్క క్రియతో కేసు నీరుగారిపోతుంది. తెచ్చుకోవడం, ఉంచుకోవడం వేరు, పెళ్లి చేసుకోవడం వేరు. రెండో పెళ్లి ఆచారం ప్రకారం, తంతుతో జరిగిందని రుజువు కావాలి. 1965లో భావురావు లోఖండే కేసులో సుప్రీంకోర్టు ఈ లోటు వల్లే శిక్ష కొట్టేసింది. అందుకే ఆవిడను కూర్చోబెట్టి అడిగాను: ఎక్కడ జరిగింది, పురోహితుడెవరు, ఏడడుగులు నడిచారా, చూసినవాళ్లెవరు? ‘తెచ్చుకున్నాడు’ కొట్టేసి అవన్నీ రాశాం.

రుజువైతే ఏడేళ్ల వరకు జైలు. మొదటి పెళ్లి దాచిపెట్టి రెండో వ్యక్తిని మోసగిస్తే పదేళ్ల వరకు. పాత శిక్షాస్మృతిలో 494, 495 సెక్షన్లు; 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 82.

పత్రికల మీద ఇంకో ఫిర్యాదు. ‘రెండో పెళ్లిని కోర్టు రద్దు చేసింది’ అని రాస్తారు. హిందూ వివాహ చట్టం 11వ సెక్షన్ ప్రకారం అది మొదటి నుంచీ చెల్లని పెళ్లి. లేనిదాన్ని రద్దు చేయడమేమిటి? ‘చెల్లదని ప్రకటించింది’ అనాలి.

మొదటి సభ్యురాలు:
వకీలుగారూ, చివరి మాట గుచ్చుకుంది, నేనూ అలాగే రాశాను. మరి అలాంటి పెళ్లి వల్ల పుట్టిన పిల్లల గురించి ‘అక్రమ సంతానం’ అని వస్తుంటుంది కదా?

జవాబు:
దయచేసి రాయకండి. పెళ్లి చెల్లకపోయినా పిల్లలు సక్రమ సంతానమేనని అదే చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్లకు హక్కుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటా కూడా అందులోకే వస్తుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. తాతలు, బాబాయిల ఆస్తిని మాత్రం ఈ సెక్షన్ చూపి అడగలేరు.

మొదటి సభ్యురాలు:
‘భర్త ఉండగానే మరో పెళ్లి: మహిళ అరెస్టు’ అని పెట్టి పంపించాను. పొద్దున పత్రిక చూస్తే శీర్షిక బాగానే ఉంది. కింద మూడో పేరాలో ‘ద్విభార్యత్వం’ మాత్రం అలాగే కూర్చుని ఉంది.