మొజార్ట్ "తీతో" ఒపెరాలో రెసిటేటివ్‌లు తీసేయడం తప్పా కాదా?

పాతరికార్డు:
ఈ నెలలో లా క్లెమెంజా ది తీతో (రోమన్ చక్రవర్తి తీతో కథ) రెండు రకాలుగా చూశా. ఒకటి ఫుల్‌గా ఉన్నది, ఇంకోటి 2017 సాల్జ్‌బర్గ్ ఫెస్టివల్‌ది. అందులో డైరెక్టర్ సెల్లర్స్, కండక్టర్ కరెంట్జిస్ కలిసి రెసిటేటివ్‌లు, అంటే పాటల మధ్య మాటల్లా పాడుతూ కథ నడిపే భాగాలు, చాలావరకు ఎత్తేసి మధ్యమధ్యలో మొజార్ట్‌దే సి మైనర్ మాస్ అనే చర్చి సంగీతం ముక్కలు పెట్టారు. విన్నంతసేపూ బాగుంది, కానీ కథ చేతికందలేదు. మీరేమంటారు?

బాసెట్‌హార్న్:
తప్పేం లేదండీ. ఆ హార్ప్సికార్డ్ (పియానోలాంటి పాత వాయిద్యం) మీద నడిచే మాటల భాగాలు మొజార్ట్ రాసినవి కావు, శిష్యుడు జ్యూస్‌మయర్ రాశాడనే అంటారు. పాపం మొజార్ట్‌కి టైమ్ ఎక్కడుంది, ప్రాగ్‌లో ఒపెరా కంపెనీ నడిపే గ్వార్దసోని కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టిందే 1791 జులై 8న, సెప్టెంబర్ 6న రెండో లెయోపోల్డ్‌కి బొహీమియా రాజుగా పట్టాభిషేకం, ఆ రోజే షో, ఇటు ఇంకో ఒపెరా మ్యాజిక్ ఫ్లూట్ కూడా చేతిలో ఉంది. "పార్తో, పార్తో" పాటలో క్లారినెట్ వాద్యకారుడు స్టాడ్లర్ కోసం రాసిన క్లారినెట్ విని, వెంటనే రెసిటేటివ్‌లలో ఆ పొడిపొడి హార్ప్సికార్డ్ వినండి, తేడా చెవికే తెలుస్తుంది. ఆయన రాయనివి తీసేస్తే ఆయనకి అన్యాయం ఎలా అవుతుంది?

గోదారిగట్టు:
స్వరాలు శిష్యుడివే అనుకుందాం, మాటలు ఎవరివి? కవి మెతస్తాసియో 1734లో రాసినవి. మొజార్ట్ కోసం మజ్జోలా ఆ మూడంకాల్ని రెండు చేసి ట్రియోలూ (ముగ్గురు కలిసి పాడేవి) అవీ కలిపాడు గానీ ఎముకలు పాతవే. విటెల్లియా సంగతే చూడండి, తీతోని చంపమని అతని స్నేహితుడు సెస్తోని ఉసిగొల్పి పంపించిన మరుక్షణం పూబ్లియో, అన్నియో వచ్చి చక్రవర్తి నిన్నే పెళ్లి చేసుకుంటానంటున్నాడు అని చెప్తారు. ఆ కబురు వచ్చేది రెసిటేటివ్‌లోనే! అది తీసేస్తే తర్వాత ట్రియోలో ఆవిడ ఎందుకంత అల్లాడిపోతోందో కొత్తగా చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

బాసెట్‌హార్న్:
అది ఒప్పుకుంటా. అలాంటి నాలుగు లైన్లు ఉంచండి, మిగతావి తగ్గించండి. సబ్‌టైటిల్స్ చదువుతూ ఎంతసేపు కూర్చుంటాం అండీ, ఇటాలియన్ రానివాళ్లకి అదంతా భారమే.

గోదారిగట్టు:
నాకూ ఇటాలియన్ రాదండీ. కానీ రెండో అంకంలో తీతో, సెస్తో ఎదురెదురుగా నిలబడే సీన్‌లో నాలుగు లైన్లు మీరెలా ఏరతారు? స్నేహితుడు నోరు విప్పడు, రాజు బతిమాలుతాడు, ఫ్రెంచ్ రచయిత వాల్టేర్ అంతటివాడు గ్రీకు నాటకాల పక్కన పెట్టి మెచ్చుకున్న సీన్ అది. సెస్తో వెళ్లిపోయాక తీతో మరణశిక్ష కాగితం మీద సంతకం పెట్టి, మనసొప్పక చింపేస్తాడు, అదీ రెసిటేటివ్‌లోనే. ఆ తర్వాతే "సె ఆల్ ఇంపేరో" పాడతాడు, రాజ్యానికి కఠినమైన గుండే కావాలంటే ఈ రాజ్యం తీసుకోండి లేదా నాకు వేరే గుండె ఇవ్వండి అని. ఇంకో సంగతి, ఏ రాజు కోసమైతే ఈ ఒపెరా రాయించారో ఆ లెయోపోల్డ్ ఇటలీలోని టస్కనీ పాలకుడిగా ఉండగా 1786లో మరణశిక్షనే రద్దు చేసినవాడు. ఆయన పట్టాభిషేకానికి రాసిన ఒపెరాలో ఆ కాగితం చిరగడం కనపడకపోతే ఎట్లా?

పాతరికార్డు:
లెయోపోల్డ్ సంగతి నాకు తెలీదు. ఆ సీన్ ఫుల్ వెర్షన్‌లో ఇవాళ రాత్రి మళ్లీ చూస్తా.