ట్రీట్‌మెంట్ అయిపోయింది. మరి ఈ చెయ్యి సంగతి ఎవరిని అడగాలి?

హన్మకొండ టైలర్:
అందరికీ నమస్తే. నాకు 46 ఏళ్లు. ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. కుడి రొమ్ముకు ఆపరేషన్, 8 కీమోలు, రేడియేషన్ అన్నీ అయిపోయి 14 నెలలైంది. క్యాన్సర్ మళ్లీ రాకుండా రోజూ టామోక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. రిపోర్టులు బాగున్నాయి. "తగ్గిందమ్మా, ఇక మామూలుగా ఉండు" అన్నారు. ఆ మామూలు ఎట్లుంటదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కత్తెర పట్టిన పావుగంటకే కుడి చెయ్యి బరువెక్కుతోంది. సాయంత్రానికి గాజులు బిగుస్తాయి. గాజులే చిన్నవేమో అనుకున్నా, కానీ అవే ఎడమ చేతికి వదులుగా ఆడుతున్నాయి. చివరికి టేపు పెట్టి కొలుచుకున్నాను. ఎడమ చెయ్యి లూజు 11 అంగుళాలు, కుడిది పన్నెండున్నర. ఊరందరికీ కొలతలు తీసేదాన్ని, నా చెయ్యి కొలుచుకోవడానికి మాత్రం ఏడాది పట్టింది!

చెకప్‌కు పోతే డాక్టరు రిపోర్టు చూసి "అంతా క్లియర్" అన్నారు. చెయ్యి చూపిద్దామని కొంగు తీసేలోపే తర్వాతి పేరు పిలిచారు. ఆయన్నీ ఏమనలేం, బయట వరండా నిండా జనం. ఇక్కడ మా గల్లీలో ఒకాయన మూత్రం మాత్రలు రాసిచ్చాడు. బాత్రూంకు తిరగడమే అయింది, వాపు వాపులాగే ఉంది.

మా ఆయన మంచోడే. కీమోలప్పుడు బిందె కూడా ముట్టనియ్యలేదు. ఇప్పుడేమో "తగ్గింది కదా, ఇంకేంది" అన్నట్టు చూస్తాడు. పోయిన ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడబిడ్డ బతుకమ్మను నా చేతుల్లో పెట్టింది. పది అడుగులు కూడా మోయలేక తిరిగి ఇచ్చేశాను. "దిష్టి తగిలింది" అన్నారు.

ఇట్లా ఇంకెవరికైనా ఉందా?

జగిత్యాల అక్క:
చెల్లె, నాకు 9 ఏళ్లయింది. నాదీ కుడి చెయ్యే. అది దిష్టి కాదు, దానికి పేరుంది, లింఫెడిమా. నాకూ అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఆకు పసరు కట్టు కట్టించుకుని చర్మమంతా పొక్కించుకున్నా. నువ్వు ఆ పని చేయకు.

సూదిపని కదా నీది, వేలికి తొడుగు పెట్టుకో. గుచ్చుకుంటే వెంటనే కడుక్కో. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే దవాఖానకు పో. నేను ఒకసారి ఆగి, నాలుగు రోజులు సెలైన్ మీదున్నా.

కాజీపేట ఫిజియో:
అమ్మా, మీరు టేపుతో చేసిన పనే మేమూ చేస్తాం. రెండు చేతులకూ ఒకేచోట కొలిచి, తేడా 2 సెంటీమీటర్లు దాటితే లింఫెడిమాగా అనుమానిస్తాం. మీ ఒకటిన్నర అంగుళమంటే దాదాపు 4 సెంటీమీటర్లు. చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసి రేడియేషన్ ఇస్తే చేతిలోంచి నీరు వెనక్కి పోయే దారి తగ్గిపోతుంది. అది మూత్రంగా పోయే నీరు కాదు, అందుకే ఆ మాత్రలు పనిచేయవు. ముందు డాక్టరుకు చూపించి, వాపుకు ఇంకో కారణం ఏదీ లేదని తేల్చుకోండి. ఆ తర్వాత బిగుతు కట్లు, మసాజ్, కొలత తీసి ఇచ్చే బిగుతు స్లీవ్, వ్యాయామం. మసాజ్ అంటే నూనె పెట్టి పిసకడం కాదు, చర్మాన్ని మెల్లగా జరపడం. బరువు అసలే ఎత్తొద్దని భయపడకండి, కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. బతుకమ్మ కూడా!

మంచిర్యాల, సింగరేణి రిటైర్డ్:
నాది నోటి క్యాన్సర్, గుట్కా పుణ్యం. రేడియేషన్ తర్వాత నోట్లోకి ఒక వేలే పడుతుంది. పెండ్లికి పోతే పప్పన్నం మెత్తగా పిసుక్కుని మూలకు కూర్చుంటా. "బిర్యానీ తినవేందే" అని అందరూ అడుగుతరు, అదే ఇబ్బంది.

హన్మకొండ చెల్లె, చెకప్‌కు హైదరాబాద్ రైల్లో పోతావా? ఆస్పత్రి నుంచి రైల్వే ఫారం మీద సర్టిఫికెట్ రాయించుకో. ట్రీట్‌మెంట్ అయిపోయినా చెకప్‌లకూ రాయితీ ఉంది. స్లీపర్‌లో నీకు టికెట్ పూర్తిగా ఫ్రీ, తోడు వచ్చేవాళ్లకు 75 శాతం తగ్గిస్తారు. నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది! చెకప్ ముందు రాత్రి నిద్రపట్టకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలిమానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు ఫోన్ లైను, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడకు, నేను రెండుసార్లు చేసిన.

హన్మకొండ టైలర్:
అందరికీ దండాలు. రైలు సంగతి నిజంగా తెలియదన్నా, ఇన్నాళ్లూ బస్సు చార్జీలు పెట్టుకున్నా. ఈసారి చెకప్‌కు నా కొలతల పుస్తకం పట్టుకుపోతా. గిరాకీలకు రాసినట్టే ఒక పేజీలో ఎడమ చెయ్యి, కుడి చెయ్యి రాసి, కూర్చోకముందే డాక్టరు ముందు పెడతా.

జగిత్యాల అక్కా, ఒక్క మాట. మన ఎండలకు ఆ స్లీవ్ వేసుకుని మిషన్ ముందు కూర్చోగలమా?

జగిత్యాల అక్క:
మే నెలలో ఏడుపొస్తది చెల్లె, అబద్ధం చెప్పను. రెండు తీసుకో, ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకోటి వేసుకోవచ్చు. పనంతా పొద్దున పదింటిలోపు పెట్టుకో.