8 అంగుళాల వూఫర్‌కు క్రాసోవర్ ఎక్కడ పెట్టాలె: 2000 హెర్ట్జా, 3200 హెర్ట్జా?

దేవరకొండ డబ్బాలు:
పాత స్పీకర్ పెట్టెల జత విప్పిన, క్రాసోవర్ (లావు ధ్వనిని వూఫర్‌కు, సన్న ధ్వనిని ట్వీటర్‌కు పంచే సర్క్యూట్) కట్టాలె. 8 అంగుళాల పేపర్ కోన్ వూఫర్, 8 ఓమ్స్. కొత్తగ 1 అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్ వేస్తున్న, కొలిస్తే దాని రెజొనెన్స్ (డోమ్ దానంతట అది ఊగే ఫ్రీక్వెన్సీ) 1100 హెర్ట్జ్ వచ్చింది. పాత వైరింగ్‌ల ట్వీటర్‌కు 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే ఉంది, వూఫర్‌కు ఏం లేదు. 2000 దగ్గర విడదీయాల్నా, 3200 దగ్గరనా?

పాలమూరు సౌండ్:
3200 పెట్టు తమ్మి. అంతే సౌండ్ రావాలంటే ఫ్రీక్వెన్సీ సగమైతే డోమ్ నాలుగింతలు కదలాలె. 3200 నుంచి 2000కు దించితే రెండున్నర రెట్లు. 12 డీబీ స్లోప్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారి సౌండ్‌ను 12 డెసిబెల్స్ తగ్గించే ఫిల్టర్) రెజొనెన్స్‌కు రెండింతలన్న పైన ఉండాలె, నీకు 2200. పెండ్లినాడు గట్టిగ పెడితే ముందు 'స', 'శ' గరగరమంటయ్, తర్వాత కాయిల్ పోతది.

మిర్యాలగూడ వైండింగ్:
అన్నా, వూఫర్ సంగతి చూడలే మీరు. కదిలే కోన్ అడ్డం 16.5 సెంటీమీటర్లు. ధ్వని వేగం 344 మీటర్లను దానితోటి భాగిస్తే 2085 హెర్ట్జ్. ఆపైన ధ్వని టార్చిలైటు లెక్క ముందుకే పోతది. 30 డిగ్రీలు పక్కకు కూసున్నోళ్లకు లెక్క ప్రకారం 3200 దగ్గర 7 డీబీ పడిపోతది, 2000 దగ్గర రెండున్నరే. దివాన్ ఒక గోడకు, కుర్చీలు ఇంకో గోడకు ఉండే హాల్‌ల ఇది పెద్ద తేడా.

పాలమూరు సౌండ్:
ఆ లెక్క గట్టి పలకకు. పేపర్ కోన్‌ల పైకి పోయినకొద్ది నడుమ భాగమే ఎక్కువ కదులుతది, అంత పడదు.

మిర్యాలగూడ వైండింగ్:
పడదు, నిజమే. కాని అంచు విడిపోయి కదిలే కాడనే కోన్ అరుస్తది. దాన్ని నమ్ముకోవద్దు. 2000 నేను కూడ అనను, ఆ ట్వీటర్‌కు తక్కువ. 2500 దగ్గర, లింక్విట్జ్-రైలీ అనే రకం 12 డీబీ క్రాసోవర్ పెట్టు. వూఫర్‌కు 1 మిల్లీహెన్రీ కాయిల్ సిరీస్‌ల, 4 మైక్రోఫారడ్ కెపాసిటర్ అడ్డంగ (వూఫర్ ప్లస్, మైనస్‌ల నడుమ). ట్వీటర్‌కు అవే తిరగేసి: కెపాసిటర్ సిరీస్‌ల, కాయిల్ అడ్డంగ. ట్వీటర్ ప్లస్ మైనస్ మార్చాలె, మరువకు. వూఫర్ టెర్మినళ్ల మీద 8 ఓమ్స్ 10 వాట్ల రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ ఒకదాని వెంట ఒకటి పెట్టు. అది లేకుంటే వూఫర్ లోపలి కాయిల్ ఇండక్టెన్స్‌తోటి ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు అడ్డం, ఓమ్స్‌ల) పెరిగి, 8 ఓమ్స్ అనుకొని వేసిన లెక్క తప్పుతది.

దేవరకొండ డబ్బాలు:
కెపాసిటర్ ఫ్యాన్‌ది వాడొచ్చా?

మిర్యాలగూడ వైండింగ్:
వాడొచ్చు. 440 వోల్టుల 4 మైక్రోఫారడ్ ఫ్యాన్ కెపాసిటర్ పాలీప్రొపిలీన్‌ది, పోలారిటీ లేదు, చాలా మంచిది. బోరు మోటారు స్టార్టింగ్ కెపాసిటర్ మాత్రం వద్దు, అది ఎలక్ట్రోలైటిక్. కాయిల్‌కు వైండింగ్ షాపుల 18 గేజీ ఎనామిల్ రాగి తీగ తీసుకో. నడుమ ఇనుప బోల్టు పెడితే ఇండక్టెన్స్ మారిపోతది. ఒక పెట్టెల రెండు కాయిళ్లు దూరంగ, ఒకటి పండుకోబెట్టి ఒకటి నిలబెట్టి బిగించు.

పాలమూరు సౌండ్:
2500కు ఒప్పుకుంట, గట్టిగ పెట్టొద్దన్న షరతు మీద. గట్టిగ వాడేటట్టుంటే 3000 కంటె కిందికి నేను రాను. ఇంకోటి: 2500 దగ్గర అల పొడవు 13.8 సెంటీమీటర్లే. వూఫర్, ట్వీటర్ నడిబొడ్డుల మధ్య నీకు 16 తప్పదు, అల కంటె ఎక్కువే, చెవి ఎత్తు మారితే రెండు ధ్వనులు సరిగ కలువవు. అందుకే రెండింటి అంచులు దగ్గరికి ఆనించి, ట్వీటర్ కూసున్నోని చెవి ఎత్తుకు రానియ్. కట్టినంక మీటరు దూరంల మైక్ పెట్టి 2500 టోన్ వాయించు, ట్వీటర్ వైర్లు ఒకసారి తిప్పి చూడు. తప్పు కనెక్షన్‌ల సౌండ్ బాగ తగ్గాలె. తగ్గకుంటే వూఫర్, ట్వీటర్‌ల ఫేజ్ (అలల ఎగుడుదిగుడు) కలుస్తలేదు, పెట్టె మూయకు.