వరంగల్ పత్తి మనల్ని బతికించిందా, ముంచిందా?

రేగడిచేను:
మొన్న ఒక పెళ్లిలో పెద్దాయన ఒకరు "పత్తి రాకపోయుంటే మన జిల్లా ఎప్పుడో బాగుపడేది" అన్నారు. నాకు మనసు ఒప్పలేదు. 1934లో ఇక్కడ ఆజంజాహి బట్టల మిల్లు పెట్టారంటే చుట్టూ పత్తి ఉండబట్టే కదా. ఎన్ని కుటుంబాలు ఆ మిల్లు జీతంతో పట్నంలో నిలదొక్కుకున్నాయో! వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు అంత పేరు రావడంలోనూ పత్తి వాటా పెద్దదే. నా కాలేజీ ఫీజు కూడా పత్తి డబ్బులే. మీరేమంటారు?

కందిసాలు:
అన్నా, 1997-98 మర్చిపోయారా? లద్దెపురుగు చేలకు చేలు తినేసింది, మందు మీద మందు కొట్టినా చావలేదు. మందులు అరువిచ్చిన షాపుకే పంట అమ్మాలి, పైగా మిత్తి. ఎంతమంది ఆ మందే తాగి పోయారో మన జిల్లాకు తెలుసు. 2002లో పురుగును తట్టుకునేలా జన్యువు చేర్చిన బీటీ విత్తనాలకు అనుమతి వచ్చాక కాయతొలిచే పురుగు తగ్గింది నిజమే, కానీ తర్వాత దాన్నీ తట్టుకుని కాయను తినే గులాబీ పురుగు తయారైంది. ఇంకో మాట. జొన్న వేస్తే గింజ మనకు, చొప్ప ఎడ్లకు. పత్తి కట్టెను ఏ పశువు తింటుంది? మా దొడ్డి ఖాళీ అయింది అందుకే.

మార్కెట్‌గేటు:
తప్పు పంటది కాదు, అమ్మకానిది. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర ఇస్తారు, ఆపైన ధర కోత, 12 దాటితే కొనరు. నవంబర్ మంచులో తెల్లారి ఏరిన పత్తి ఎలా ఆరుతుంది? నిరుడు మా నాన్న బండి దగ్గర నేనే ఉన్నా. మీటర్ 14 చూపించింది. వెనక్కి తెస్తే ట్రాలీ కిరాయి మీద పడుతుంది. పక్కనున్న వ్యాపారికి వాడు చెప్పిన రేటుకే ఇచ్చేసి వచ్చాం.

రేగడిచేను:
తమ్మీ కందిసాలు, ఆ చావులు నేను మర్చిపోలేదు, మా వాడకట్టులోనూ జరిగాయి. వానాధారం భూమిలో పత్తి ఒక్కటే వేయడం జూదమే, నాలుగు సాళ్లకొక కంది సాలు పెట్టాల్సిందే. కానీ క్వింటాల్ పత్తి ఆడిస్తే దూది 33-35 కిలోలు వస్తుంది, మిగతాది దాదాపు అంతా గింజ. గింజతో నూనె, పశువులకు పెట్టే చెక్క. దూదితో నూలు, బట్ట. ఆజంజాహి మూతపడ్డాక మన దూదిలో ఎక్కువ భాగం బేళ్లు కట్టుకుని బయటికే పోతోంది, పైన వచ్చే లాభమూ దాంతోపాటే పోతోంది. గీసుగొండ, సంగెం దగ్గర 2017లో శంకుస్థాపన చేసిన టెక్స్‌టైల్ పార్కులో మన పత్తే నూలు కావాలి. నా పట్టుదల అదే.

ఒడిపత్తి:
అందరూ రైతు గురించే రాస్తున్నారు అన్నా. మా అమ్మ కిలో లెక్కన పత్తి ఏరడానికి పోయేది. ఎండిన కాయ డొప్పల మొనలు గోళ్ల సందుల్లో గుచ్చుకుంటాయి. రాత్రి అన్నం కలుపుకుంటే కారం తగిలి మంట, చెంచాతో తినేది. నేను బడి మానకుండా చదివింది ఆ కూలితోనే, కాబట్టి పత్తి వద్దని నేను అనలేను. మిల్లు వచ్చినా, ధర పెరిగినా, ఏరే చేతులకు కిలోకు ఎంత పెరుగుతుందో కూడా చెప్పండి.